పక్కకి జరిపిన పేర్లు

ఏలూరులోని ఆ సంఘం ఆఫీసుకి సర్వరు వచ్చిన రోజున రిబ్బను కత్తిరించారు, ప్రార్థన చేశారు, కేకు కోశారు. మూడూ దగ్గరుండి జరిపించింది ఆనంద్ పాల్ మాస్టారు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, సంఘానికి కార్యదర్శి. కొల్లేటి చుట్టూ ఉన్న అరవై రెండు పల్లె చర్చిలకి ఆ ఆఫీసే పెద్ద దిక్కు. ఎవరికి ఎప్పుడు బాప్తిస్మం ఇచ్చారో, ఎవరికి ఎవరితో పెళ్ళి చేశారో, ఎవరిని ఎక్కడ పాతిపెట్టారో దొరల కాలం నుంచీ తోలు అట్టల రిజిస్టర్లలో రాసి ఉండేది. వాటిని ఒక పక్కనుంచి చెదలు, ఇంకో పక్కనుంచి చెమ్మ తినేస్తుంటే, మాస్టారు పట్టుబట్టి సర్వరు రాకముందు మూడేళ్ళపాటు పేజీ పేజీ ఫొటో తీయించి, కుటుంబానికో ఫైలు చొప్పున కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కించాక పాత రిజిస్టర్లని రేకు పెట్టెల్లో సర్ది వెనక గదిలో పడేశారు. ఆ గది కప్పు కారుతుందని అందరికీ తెలుసు. కంప్యూటరుండగా కాగితాల మీద బెంగ ఎవరికి? రెండు వానాకాలాలు తిరిగేసరికి రిజిస్టర్లు అట్టలతో సహా ముద్దయిపోయాయి.

ఏ సర్వరు కొనాలో చెప్పిందీ, తెచ్చి అమర్చిందీ పెర్సిస్. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ల బాగోగులు చూడటం ఆమె ఉద్యోగం. మాస్టారి దగ్గర మూడేళ్ళు లెక్కలు చదువుకుంది కాబట్టి ఆయన పిలిస్తే కాదనలేదు. తన దగ్గర చదువుకున్న పిల్ల కాబట్టి ఆయన కూడా ఆమె చెప్పింది ఎప్పుడూ పూర్తిగా వినలేదు.

"ఇందులో రెండు డిస్కులుంటాయండి. ఒకదాంట్లో ఏది రాస్తే అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడుతుంది. అద్దంలో బొమ్మలాగ. ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుంది. అయినా సరే, వేరేగా ఇంకో కాపీ తీసి వేరే చోట దాచుకోవాలి," అని ఆమె ఆ రోజే కమిటీకి చెప్పింది.

"దేవుడు మనిషికి రెండు కిడ్నీలిచ్చాడమ్మా," అన్నారు మాస్టారు చిరునవ్వుతో. "రెండున్నాయి కదాని మూడోది డబ్బాలో దాచుకుంటున్నామా?"

కమిటీ చప్పట్లు కొట్టింది. వేరే కాపీ ప్రస్తావన అక్కడితో వీగిపోయింది.

రెండున్నరేళ్ళు గడిచాక, ఒక సోమవారం పొద్దున్న పెర్సిస్‌కి మాస్టారు ఫోన్ చేశారు.

"అమ్మా, రాత్రి కరెంటు వచ్చీ పోయీ ఆటలాడింది. పొద్దున్న వచ్చి చూస్తే తెరంతా నలుపు. అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ అంటోంది. పొంతన లేదంటోందమ్మా, నా మొహం మీదే!"

"ఇంకేం రాసుందండి?"

"ఎఫ్ ఎస్ సి కే ని చేత్తో నడపమంటోంది. వై నొక్కమంటావా?"

"బాబోయ్, వద్దు మాస్టారండీ! నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి."

డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటుంటుంది. కరెంటు దెబ్బకి అది చిందరవందరైతే సరిచేసే ప్రోగ్రాము ఆ నాలుగక్షరాలది. తప్పు కనపడిన ప్రతిచోటా 'సర్దనా?' అని అడుగుతుంది. వై నొక్కిన కొద్దీ తన బుద్ధికి తోచినట్టు సర్దుకుంటూ పోతుంది. సర్దడం అయ్యాక ఇల్లు శుభ్రంగానే ఉంటుంది. సామాను ఉంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే పెర్సిస్ కాలేజీకి సెలవు చెప్పి, దొరికిన ప్యాసింజరెక్కి, భీమడోలులో అరగంట ఆగిన బండిని తిట్టుకుంటూ పదకొండింటికి ఏలూరులో దిగింది.

ఆఫీసులో మాస్టారు సర్వరు ముందు కుర్చీ వేసుకుని, ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చున్నట్టు కూర్చున్నారు. పెర్సిస్ ముందు ఫైళ్ళ జోలికి పోలేదు. వెంట తెచ్చుకున్న పెన్ డ్రైవుతో మిషను లేపి, రెండు డిస్కుల జట్టు ఎలా ఉందో చూసింది. రెండూ బాగుంటే తెర మీద పక్కపక్కన రెండు 'యు'లు కనపడాలి. ఒక్క 'యు' ఉంది. రెండోదాని చోట చిన్న గీత.

"మాస్టారండీ, రెండో డిస్కు జట్టులో లేదండి. తప్పుకుని పద్నాలుగు నెలలైంది."

"లేకపోవడమేంటమ్మా? లోపలే ఉందిగా. లైటు కూడా వెలుగుతోంది."

"ఉందండి. ఉంది గానీ పని చెయ్యట్లేదు."

కమిటీలో అలాంటివాళ్ళు అరడజను మంది ఉన్నారు కాబట్టి మాస్టారికి వెంటనే అర్థమైంది. అయినా రోషం ఆగలేదు. "పద్నాలుగు నెలలపాటు ఒక్క మాట చెప్పాలా వద్దా?"

"చెప్పే ఉంటుందండి. డిస్కు పోతే బీప్ బీప్‌మని ఆగకుండా అరుస్తుంది."

మాస్టారు కిటికీ వైపు చూశారు. పెర్సిస్ వంగి మిషను వెనక చూసింది. బజరు వైరు ఊడదీసి ఉంది. పక్కనే యూపీఎస్ మీద బ్యాటరీ డబ్బా అట్టముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద గుండ్రని అక్షరాలు: 'సెక్రటరీ గారు తియ్యమంటే బజరు తీశాను. లోపల ఏదో తేడా ఉంది. తెలిసినవాళ్ళకి చూపించండి. కాలేషా, బ్యాటరీల షాపు.' కింద తేదీ. లెక్క వేస్తే సరిగ్గా పద్నాలుగు నెలలు.

"ఉపవాస ప్రార్థనల వారమమ్మా," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "పెద్దలంతా కళ్ళు మూసుకుని కూర్చుంటే సెకనుకోసారి అది బీప్‌మంటోంది. కొందరైతే ప్రతి బీప్‌కీ ఆమెన్ అంటున్నారు."

మధ్యాహ్నానికి ఆ కాలేషానే వచ్చాడు. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయాయి, కొత్తవి కావాలి. పెర్సిస్ అడిగిన రెండు కొత్త డిస్కులు కూడా అతనే బజార్లో కొనుక్కొచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మాట మెత్తన. అట్టముక్క ఇంకా అక్కడే ఉండటం చూసి, "ఎవరో ఒకరు చదువుతారనే రాశానండి," అన్నాడు. "మీరు చదివేరు. ఆయ్, కాస్త ఆలీసమైందంతే." ఆ మాట మాస్టారి వైపు చూడకుండా అన్నాడు. అదే అతని మర్యాద.

పెర్సిస్ పద్ధతి పెర్సిస్‌ది. ఒంటరిగా పద్నాలుగు నెలలు లాగిన మొదటి డిస్కు ఇప్పుడు జబ్బుపడింది. దాని మీద నేరుగా ఏ వైద్యమూ చెయ్యకూడదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి దించి, ప్రయోగం ఏదైనా ఆ నకలు మీదే చెయ్యాలి. దించడానికి సాయంత్రం దాకా పడుతుంది. తెర మీద అంకెలు కదులుతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప పనేమీ లేదు.

అలా కూర్చున్నందువల్లనే పరామర్శకి వచ్చేవాళ్ళని గమనించింది. సర్వరు పోయిందన్న కబురు ఎలా పాకిందో గానీ, భోజనాల వేళ దాటాక ఒకరి తరవాత ఒకరు వస్తున్నారు. ఇస్త్రీ చొక్కాలు, జేబులో పెన్నులు, చేతిలో హెల్మెట్లు. చావింటికి వచ్చినట్టు గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించి అడుగుతున్నారు.

"మొత్తం పోయినట్టేనా అండి?"

"లేదండి. చాలావరకు వచ్చేస్తాయి," అంటే, "అలాగా అండి, మంచిదండి," అని మొహం వేలాడేసుకుని వెళ్ళిపోతున్నారు. నాలుగోవాడు మాత్రం వెంటనే వెళ్ళలేదు. అరవైకి దగ్గరపడిన మనిషి, పేరు ఏసుబాబు అని మాస్టారు పరిచయం చేశారు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. "చాలావరకు అంటే... పాతవి కూడానా అండి?" అన్నాడు. పాతవి కూడానని పెర్సిస్ చెప్పాక, సర్వరు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. పోలేదని తెలిసి దిగులు పడేవాళ్ళు ఏదైనా కంప్యూటరుకి ఉంటారా అని ఆమెకి అనుమానమేసింది. పని ధ్యాసలో పడి మరిచిపోయింది.

సాయంత్రం ఆమె బయల్దేరుతుంటే వరండా బెంచీ మీద ఒక ముసలమ్మ కనపడింది. ఎనభైకి అటూ ఇటూ ఉంటుంది. నేత చీర, ఒళ్ళో సంచీ.

"వందనాలమ్మా. పెట్టె బాగుచేసే అమ్మాయిగారు మీరేనాండి?" అంది. "నా పేరు కృపమ్మండి. కలిదిండి అవతల లంక మాది. మా ఆయన బాప్తిస్మం కాయితం కోసం మూడు వారాల్నించి తిరుగుతున్నానండి. వచ్చినప్పుడల్లా సర్వరు పాడైందమ్మా అంటున్నారు మాస్టారు."

"సర్వరు పాడైంది ఇవాళేనండి," అనబోయి పెర్సిస్ ఆగిపోయింది. "ఇంత తొందరేంటండి? ఆయనకి ఒంట్లో బాగోలేదా?"

"ఆయనకేంటండి, పొద్దున్నే రెండు గిన్నెలు చద్దన్నం తింటున్నాడు. చోటు కోసమండి. మా ఊళ్ళో నేలంతా చేపల చెరువులు తవ్వేశారు కదండి. మెరక మిగిలింది సమాధుల తోటొక్కటే. అందులోనూ పది చోట్లే ఉన్నాయంట. పెద్దాఫీసు రిజిస్టర్లో పేరున్నోళ్ళకే ఇత్తామని కమిటీ రాసింది. ఈయనేమో, నన్ను చెరువు గట్టున పాతితే రేపు ఆ గట్టు తెగితే నేనూ చేపలతో పోతాను, ఇప్పుడే నా చోటు రాయించుకురా అని రోజూ గొడవండి."

రేపు మధ్యాహ్నానికి రమ్మని చెప్పింది పెర్సిస్. చెల్లెలిల్లు పవరుపేటలో ఉందని, అక్కడ పడుకుని వస్తానని కృపమ్మ సంచీ సర్దుకుంది.

మంగళవారం పొద్దున్న నకలు మీద వైద్యం మొదలైంది. సర్దుడు ప్రోగ్రాము నలభై నిమిషాలు నడిచి, పట్టిక శుభ్రమైందని చెప్పింది. సామానూ దాదాపుగా దక్కింది. కాకపోతే మూడు వందల పన్నెండు ఫైళ్ళు ఎవరివో దానికి అంతుపట్టలేదు. అలాంటివాటిని అది పారెయ్యదు. 'పోయి దొరికినవి' అన్న అర్థమొచ్చే పేరుతో ఒక అర చేసి అందులో పడేస్తుంది, పేర్లుండవు, ఒక్కోదానికి ఒక నంబరు తగిలిస్తుంది. తరతరాల కుటుంబాలు ఖైదీల్లాగ నంబర్లు తగిలించుకుని వరసగా నిలబడ్డాయి.

"పేర్లు లేకపోతే ఎలాగమ్మా?" అన్నారు మాస్టారు.

"రెండో డిస్కు ఉందిగా అండి. పద్నాలుగు నెలల కిందటి పేర్లు దాంట్లో చెక్కుచెదరకుండా ఉంటాయి. తీసి పక్కన పెట్టి, లోపలి బొమ్మకి బొమ్మ పోల్చి పేర్లు తెచ్చేసుకుందాం."

మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఆ పాత డిస్కు మనకెందుకమ్మా. పాడైందన్నావుగా."

"పాడవ్వలేదండి. తీగ వదులై తప్పుకుంది, అంతే. నిజానికి ఈ గదిలో నిక్షేపంగా ఉన్నది అదొక్కటే."

దాన్ని చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా తగిలించి పోల్పించింది. రెండు వందల ఎనభై మూడు ఫైళ్ళకి పేర్లు దొరికాయి. ఈ మధ్య చేర్చిన ఇరవై తొమ్మిదింటిని తెరిచి చదివి పేర్లు పెట్టింది. అంతా సరిపోయిందని నడుం వాల్చబోతూ, ఊరికే, అలవాటు కొద్దీ ఎదురు లెక్క కూడా వేసింది: పాత డిస్కులో ఉండి కొత్తదాంట్లో లేనివి ఎన్ని?

నలభై ఒకటి.

నలభై ఒక్క కుటుంబాలని సర్దుడు ప్రోగ్రాము మింగేసిందంటే తప్పు తనది. పెర్సిస్ మళ్ళీ వెతికింది. జబ్బుపడిన అసలు డిస్కులో చూసింది, అందులోనూ లేవు. అంటే ఇవి నిన్నటి కరెంటు దెబ్బకి పోయినవి కావు. చివరికి, ఎవరు ఏ రోజు ఏం చేశారో సర్వరు తనంతట తానే రాసుకునే చిట్టా తెరిచింది. నలభై ఒకటీ వేరువేరు తేదీల్లో తీసేసి ఉన్నాయి. అన్నీ శనివారాలే, మధ్యాహ్నం రెండు తరవాతే. తీసింది 'సెక్రటరీ'. ఒక ఫైలు పేరు చూసి ఆగిపోయింది: ఎలీయాజరు, భార్య కృపమ్మ, కలిదిండి.

ఆమె తెర మీంచి చూపు తిప్పేసరికి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"తీసెయ్యలేదమ్మా," అన్నారు. "కాస్త పక్కకి జరిపాను."

"సర్వరుకి పక్కకి జరపడం తెలీదండి. ఉంచడం, తియ్యడం రెండే తెలుసు."

తరవాత ఆయన చెప్పింది పెర్సిస్‌కి తెలియని సంగతేమీ కాదు. ఎస్సీ సర్టిఫికెట్టుతో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాడి పేరు చర్చి రిజిస్టర్లో ఉందని ఎవడైనా ఫిర్యాదు పెడితే, విచారణొస్తుంది. సర్టిఫికెట్టు చెల్లదంటారు, ఉద్యోగం మీదికొస్తుంది. రిజిస్టర్లు చెదలు తింటున్నంతకాలం ఎవరికీ భయం లేదు. ఎవరిదైనా పేరు కొడితే క్షణంలో బయటపడేలా చేసి, కేకు కోసి, పేపర్లో ఫొటో వేయించింది మాస్టారే. ఆ ఫొటో వచ్చిన వారం నుంచి ఒక్కొక్కరూ ఆయన ఇంటికొచ్చి చేతులు పట్టుకోవడం మొదలుపెట్టారు. సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఏడాదిన్నర పాటు కాదంటూ వచ్చి, చివరికి ఆయన మెత్తబడ్డారు.

"బాప్తిస్మంతో కులం పోయిందని గవర్నమెంటు నమ్మిందమ్మా. ఊరు ఒక్కనాడూ నమ్మలేదు. నేనేం చెయ్యను? తీసిన ప్రతిసారీ ప్రార్థన చేసుకునే తీశాను."

పెర్సిస్ వాళ్ళ నాన్న కృపావరం, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి ఇచ్చే బీసీ-సి అనే ఉన్నదున్నట్టు రాయించిన మనిషి. ఆ ఒక్క అక్షరం వల్ల మూడు మార్కుల తేడాతో ఆమెకి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఉద్యోగం తప్పిపోయింది. ఆ రోజు నాన్న మీద వచ్చిన కోపం పూర్తిగా పోలేదు. నాన్న అబద్ధం రాసుంటే బాగుండునని గట్టిగా అనుకోవడానికీ మనసు ఒప్పలేదు. ఇప్పుడు నలభై ఒక్క మంది కోపం వచ్చేలా ఎదురుగా ఉంటే, కోపం సగం దూరం వచ్చి ఆగిపోయింది. నిన్న గుమ్మంలో నిలబడిన ఇస్త్రీ చొక్కాలు గుర్తొచ్చాయి. వాళ్ళూ రాత్రిళ్ళు నిద్రపోయి ఉండరు.

"మరి కృపమ్మగారికి మూడు వారాలుగా ఏం చెబుతున్నారండి?" అంది చివరికి.

"సర్వరు పాడైందని."

"అది నిన్న నిజమైంది."

"ఆయ్," అన్నారు మాస్టారు తల దించుకుని. "నిన్న పొద్దున్న ఆ నల్ల తెర చూసి, సిగ్గులేకుండా ఒక్క క్షణం సంతోషపడ్డానమ్మా."

రెండో డిస్కుని మళ్ళీ జట్టులో కలపొచ్చా అని ఆయనే అడిగారు. కలపొచ్చని చెప్పింది పెర్సిస్. కలిపిన క్షణం నుంచీ మొదటిదాంట్లో ఉన్నదే రెండోదాని మీద పరుచుకుంటుంది. నలభై ఒకటీ లోకంలో ఇంకెక్కడా ఉండవు. ఒక్క ఎంటర్ నొక్కితే చాలు.

"రెండూ ఉంచుకోలేమా?" అన్నారు మాస్టారు.

"రెండూ వేరువేరుగా ఉంటే అది జట్టు కాదండి."

అప్పుడే వరండాలో గొంతులు వినపడ్డాయి. కృపమ్మ చెప్పిన వేళకే వచ్చింది. ఆమె వెనకే, మోటారు సైకిలు స్టాండు వేసి, నిన్నటి ఏసుబాబు వచ్చాడు.

"నువ్విక్కడేం చేస్తున్నావే అమ్మా?" అన్నాడు ఆదుర్దాగా. "నాన్న ఫోన్ చేశాడు, రాత్రి ఇంటికి రాలేదంట."

కృపమ్మ కొడుకు అతనేనని పెర్సిస్‌కి అప్పుడు తెలిసింది. పక్కకి జరిపించుకున్నది ఎవరో కూడా అప్పుడే తెలిసింది. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు గానీ ఎటూ వెళ్ళలేదు.

"మీ నాన్న కాయితం కోసం వచ్చానురా. పెట్టె బాగైందంట."

"ఆ కాయితం ఇప్పుడొద్దమ్మా. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది."

"మీ నాన్నకి ఎనభై నాలుగు. ఆయనకెంత సర్వీసుందో నువ్వు చెప్తావా?"

"నాన్న పేరు బయటికొస్తే నా పేరూ వస్తుందే. ఒకే ఫైలు."

కృపమ్మ బెంచీ మీద కూర్చుంది. అరవలేదు. "నీ పేరు నాకొద్దురా," అంది. "నీకు కుర్చీ కావాలి, ఉంచుకో. నీ కుర్చీ తిండే మేమూ తిన్నాం. ఆయనకి ఆరడుగుల మెరక కావాలి. ఒక్క పేరు రాసిచ్చెయ్యమను మాస్టార్ని. నీ సంగతి అడిగినోడికి నేనే చెప్తాను, మా అబ్బాయి చర్చి గుమ్మం తొక్కి ఇరవై ఏళ్ళయిందని. అది అబద్ధం కూడా కాదు కదా."

ఆ ఫైలు పోలేదని, పాత డిస్కులో ఉందని పెర్సిస్ చెప్పింది. చూస్తారా అని ఏసుబాబుని అడిగింది. అతను లోపలికొచ్చి తెర ముందు నిలబడ్డాడు. ఎప్పుడో ఎవరో గుమస్తా ఇంకు పెన్నుతో రాసిన వరసలు: ఎలీయాజరు, వయస్సు పందొమ్మిది, చేపలు పట్టువాడు. దాని కింద వేరే సిరాతో: కుమారుడు ఏసుబాబు. పక్కన పుట్టిన తేదీ. అతను ముందుకి వంగి ఆ తేదీ రెండుసార్లు చదివాడు.

"బళ్ళో వేసినప్పుడు రెండేళ్ళు తగ్గించి రాయించారన్నమాట," అన్నాడు. "ఈ లెక్కన నేనీపాటికి రిటైరై ఇంట్లో ఉండాలండి."

చెప్పి అతనే నవ్వాడు. ఒక్క ఫైలులో తనకి రెండు ఉరితాళ్ళున్నాయని తేలాక, భయానికి ఇక పెరగడానికి చోటు లేనట్టుంది. "నాన్న పేరొక్కటే రాసిచ్చెయ్యండి మాస్టారూ," అన్నాడు. "చేత్తోనే రాయండి. మిషనులోంచి వద్దు."

మాస్టారు డ్రాయరులోంచి సంఘం కాగితం తీసి, బళ్ళో బోర్డు మీద రాసినంత శ్రద్ధగా రాశారు. ఫలానా ఎలీయాజరుకు ఫలానా సంవత్సరంలో బాప్తిస్మం ఇవ్వబడినట్టు మా రికార్డులలో ఉన్నది. ఏ రికార్డులో ఉందో మాత్రం రాయలేదు. సంతకం చేసి ముద్ర కొట్టారు. కృపమ్మకి చదువు రాదు. కాగితం అందుకుని, ముద్రని వేలితో తడిమి చూసుకుని కొడుక్కిచ్చింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, ఆఫీసు ఐడీ కార్డు వెనక పెట్టుకున్నాడు. తల్లిని బండెక్కించుకుని కలిదిండి దారి పట్టాడు.

సాయంత్రానికి పెర్సిస్ బాగుచేసిన నకలుకి రెండో కొత్త డిస్కుని జతచేసింది. తెర మీద రెండు 'యు'లూ వచ్చాయి. బజరు వైరు మళ్ళీ తగిలించింది. పాత డిస్కు ఊడదీసి మాస్టారి ముందు పెట్టింది.

"ఇదేం చెయ్యమంటారండి? తుడిచేస్తే ఐదు నిమిషాలు."

మాస్టారు తుడిచెయ్యమనలేదు, ఉంచమనలేదు. జేబురుమాలు తీసి డిస్కుని చుట్టి సంచీలో పెట్టుకున్నారు. ఇంటి బీరువాలో ఉంటుందన్నారు. "నేను పోయాక ఏమవుతుందో మరి," అన్నారు గుమ్మం దగ్గర.

"అది డిస్కు సమస్య కాదండి," అంది పెర్సిస్.

సంఘానికంతటికీ వేరే చోట దాచిన కాపీ అంటూ ఒకటి ఉండటం అదే మొదటిసారి. ఆ సంగతి కమిటీకి తెలియదు. తరవాతి సమావేశంలో కమిటీ, దైవకృప వలనా జోడు డిస్కుల వలనా ఒక్క పేరు కూడా పోలేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. లోపలుండీ పని చెయ్యని ఆ అరడజను మంది చప్పట్లు మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువసేపు వినపడ్డాయి. పెర్సిస్‌కి శాలువా కప్పారు.

మూడు నెలల తరవాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమెకి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. గొంతు ముసలిదే గానీ ఖంగుమంటోంది.

"వందనాలమ్మా. పెట్టె బాగుచేసే అమ్మాయిగారేనా? నేను ఎలీయాజర్నండి, కృపమ్మ భర్తని."

"వందనాలండి. చోటు రాసిచ్చారాండి?"

"రాసిచ్చేరండి, అదే గొడవ! తీసుకెళ్ళి మా తోడల్లుడి పక్కన ఇచ్చేరు. నలభై ఏళ్ళ కిందట వల దగ్గర మాటా మాటా వచ్చి మేమిద్దరం మాటాడుకోవడం మానేశామండి. ఆడు చచ్చి ఆరేళ్ళయింది. ఇప్పుడు నేను తీర్పు దినం దాకా ఆడి పక్కన పడుకోవాలా? చోటు మార్చమంటే, పెద్దాఫీసు రికార్డుల ప్రకారం ఇచ్చాం, మార్చడం కుదరదంటున్నారు. అమ్మా, మీకు పుణ్యముంటుంది. ఆ పెట్టెలో నా పేరు ముదినేపల్లి చర్చిలోకి మార్చడం అవుద్దేమో కాస్త చూడండి."

పెట్టెలో ఆయన పేరు లేదన్న మాట చెప్పకుండా, పెర్సిస్ మాస్టారి నంబరు ఇచ్చింది.